చంటిబిడ్డ బట్టలు: కానుపుకు ముందెంత, తరువాతెంత?

బిడ్డ పుట్టకముందే కుల్ల (టోపీ) కుట్టినట్టు అని సామెత. కడుపుతో ఉన్నప్పుడు బిడ్డకు కొత్త బట్టలు కొనరాదనే కట్టుబాటు తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. అవే ఇళ్లలో, ఏడో నెల రాగానే ఫోనులో చిన్న చిన్న గౌనులూ టోపీలూ చూసి ఆర్డరు పెట్టే కూతుళ్లూ కోడళ్లూ ఉన్నారు. ఆచారం సంగతి పక్కన పెట్టి డబ్బు లెక్కతోనే చూస్తే, రెండు దారుల్లోనూ నష్టం కనిపిస్తుంది. ఏమీ కొనకుండా ఆగినవారు కానుపైన రోజు ఆసుపత్రి ఎదుటి దుకాణంలో దొరికినదాన్ని చెప్పిన ధరకు తెచ్చుకుంటారు. అంతా ముందే కొన్నవారి బీరువాలో మూడో నెల వచ్చేసరికి కొన్ని బట్టలు మడత విప్పకుండానే బిడ్డకు బిగుతైపోయి ఉంటాయి.

కాబట్టి ఏడాదికి మొత్తం ఎంత అన్న ప్రశ్నకంటే, ఆ మొత్తంలో కానుపుకు ముందు ఎంత తీయాలి, తరువాతకు ఎంత దాచాలి అన్నదే ముందుగా తేల్చుకోవలసిన విషయం. నా లెక్క ప్రకారం ముందు తీయవలసింది నాలుగో వంతు మాత్రమే. అందులోనూ పెద్ద భాగం కొలత ఉన్న బట్టలకు కాక, కొలతతో పని లేని గుడ్డలకు, అంటే లంగోటీలకు, పొత్తిగుడ్డలకు, పక్కగుడ్డలకు, రబ్బరు షీటుకు పోవాలి. పెద్దవాళ్లకు పట్టింపు ఉన్న ఇంట్లో కూడా ఈ పద్ధతికి అభ్యంతరం రాదు, ఎందుకంటే ఉతికి మడిచిపెట్టిన మెత్తని గుడ్డముక్కలను అవ్వలెవరూ కొత్త బట్టల కింద లెక్కవేయరు.

ఈ నాలుగో వంతు లెక్క బిడ్డ పెరుగుదలను బట్టి వచ్చింది. నెలలు నిండి పుట్టిన బిడ్డ సాధారణంగా రెండున్నర నుంచి మూడున్నర కిలోల మధ్య ఉంటుంది. అయిదో నెల దగ్గరికి ఆ బరువు రెట్టింపవుతుంది, ఏడాది నిండేసరికి మూడింతలవుతుంది. పొడవు పుట్టినప్పుడు 50 సెంటీమీటర్ల దగ్గర ఉండి, మొదటి పుట్టినరోజుకు 75 దగ్గరికి వస్తుంది. ఆ పెరిగే పాతిక సెంటీమీటర్లలో పది, పదకొండు మొదటి మూడు నెలల్లోనే పెరుగుతాయి. అంటే 0-3 నెలల చీటీ ఉన్న జబ్లా ఎంత బాగున్నా రెండు నెలలకు మించి పనికిరావడం కష్టం, 9-12 నెలల చీటీ ఉన్న చొక్కా మాత్రం నాలుగైదు నెలలు తేలికగా నడుస్తుంది. ఒకే ధర పెట్టి కొన్న రెండు బట్టల్లో పెద్ద కొలతది ఎక్కువసార్లు ఒంటిమీదికి వస్తుంది కనుక, చిన్న కొలతలో తక్కువ సంఖ్యలో చవకవి, పెద్ద కొలతలో కాస్త నాణ్యమైనవి కొనడం న్యాయం. చాలామంది దీనికి తలకిందులుగా చేస్తారు. చిన్న బట్ట చూడముచ్చటగా ఉంటుంది, దాని ముందు మనసు నిలవదు.

చీటీ మీది నెలలను నమ్మి కొనడం కూడా అంత మంచిది కాదు. ఒక కంపెనీ ఆరు నెలలన్నది ఇంకో కంపెనీకి తొమ్మిది నెలలవుతుంది. కొన్ని చీటీల మీద నెలలతో పాటు బిడ్డ బరువో పొడవో అచ్చువేసి ఉంటుంది, అదే చూడవలసిన అంకె. టీకాలకు తీసుకెళ్లినప్పుడు రాసే బరువును గుర్తుపెట్టుకుంటే, బిడ్డను వెంట తీసుకెళ్లకుండానే దుకాణంలో కొలత తేల్చవచ్చు. అప్పుడే పుట్టినవారికని ప్రత్యేకంగా అమ్మే అతి చిన్న కొలతను, బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చని డాక్టరు ముందే చెప్పి ఉంటే తప్ప, కొనకుండా వదిలేయవచ్చు.

ఎండాకాలపు కానుపు, వానాకాలపు కానుపు

కొలత తరువాత చూడవలసింది నెల. తిరుపతిలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పట్టుకుంటాయి. ఈ రెండు కాలాలకు బిడ్డ బట్టల పట్టిక ఒకటి కాదు.

ఎండాకాలంలో పుట్టే బిడ్డకు ముందున కట్టుకునే తాళ్లు ఉన్న, చేతులు లేని, పలుచని మల్ కాటన్ జబ్లాలు ఎనిమిది, పది ఉంటే చాలు. ఫ్యాను కింద కూడా చెమట పట్టే రోజుల్లో సాక్సులు, చేతి తొడుగులు, టోపీ అన్నీ కలిపి డబ్బాలో పెట్టి అమ్మే సెట్టు కొంటే అందులో సగం ముట్టుకోరు. ఈ బిడ్డకు ఆరో నెల వచ్చేది వానల్లో. అప్పుడు బోర్లాపడి, పాకడానికి సిద్ధమయ్యే వయసులో మోకాళ్లు మూసే పైజామాలు, పూర్తి చేతుల బనియన్ గుడ్డ చొక్కాలు కావాలి. ఆ ఖర్చును సెప్టెంబరుకు వాయిదా వేసుకోవచ్చు.

నవంబరు కానుపు అయితే లెక్క తారుమారవుతుంది. జబ్లాల సంఖ్యకంటే ఆరని గుడ్డల సమస్య పెద్దది. రోజూ ఉతికి ఎండలో ఆరేసుకునే వీలున్నప్పుడు 24 నుంచి 30 లంగోటీలు సరిపోతే, వారం పొడవునా ముసురు పట్టినప్పుడు 40 ఉన్నా అందవు. ఈ బిడ్డకు అయిదో నెల ఏప్రిల్‌లో వస్తుంది కాబట్టి, జనవరిలో తగ్గింపు ధరకు వచ్చాయని 6-9 నెలల కొలతలో మందపాటి పూర్తి చేతుల బట్టలు కొనడం వల్ల ఉపయోగం లేదు. తగ్గింపుల మాట వచ్చింది కనుక చెప్పాలి, మన సరిహద్దు జిల్లాల వారికి తెలుగువారి ఆషాఢం తగ్గింపులూ, వేలూరు, చెన్నై దుకాణాల్లో ఆడి తగ్గింపులూ వెంట వెంటనే వస్తాయి. అక్కడ బట్ట ఎత్తే ముందు, బిడ్డకు ఆ కొలత పట్టే నెల ఏదో, ఆ నెలలో మనకు ఎండా వానా అన్నది వేళ్ల మీద లెక్కపెట్టుకోవాలి.

స్వెటరు విషయంలో ఊరిని బట్టి నిర్ణయించుకోవాలి. పలమనేరు, కుప్పం, మదనపల్లె వైపు వారికి చలికాలంలో రెండైనా అవసరమే. తిరుపతి పట్నంలో ఉండేవారు మాత్రం కొండ మీదికి వెళ్లే ఒక రోజు కోసం తప్ప దాన్ని పెద్దగా వాడరు, కాబట్టి బంధువుల ఇంట్లో అడిగి తెచ్చుకుంటే పోతుంది.

బిడ్డకు ఎన్ని పొరలు వేయాలన్నదానికి మెడ వెనుక చేయి పెట్టి చూడటమే పరీక్ష. అక్కడ చెమటగా, వేడిగా ఉంటే ఒక పొర తీసేయాలి. ఇంట్లో నిద్రపోయే బిడ్డకు నెలల తరబడి టోపీ బిగించి ఉంచనవసరం లేదు. తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు మాత్రం డాక్టరు చెప్పినట్టే చేయాలి.

లంగోటీ, గుడ్డ డైపరు, వాడి పారేసే డైపరు

ఏడాది ఖర్చును నిజంగా తేల్చేది ఈ ఎంపికే. గౌనులు, చొక్కాల మీద ఎంత పొదుపు చేసినా డైపర్ల దగ్గర తెలియకుండానే అంతకు రెట్టింపు పోవచ్చు.

మొదటి నెలల్లో బిడ్డకు రోజుకు పదిసార్లు, కొన్ని రోజులు అంతకు మించి గుడ్డ మార్చవలసి ఉంటుంది. వాడి పారేసే డైపరు అయితే ఆరుసార్లతో సరిపెట్టవచ్చుననుకుందాం. ఒకటి పది రూపాయలని లెక్కవేసుకుంటే రోజుకు అరవై, నెలకు 1,800, ఏడాదికి 21,600 రూపాయలు. డైపరు పైన అదనపు బట్టలు తక్కువ మారుస్తాం కనుక జబ్లాలూ పక్కగుడ్డలూ కొంచెం తగ్గుతాయి, ఉతికే పని బాగా తగ్గుతుంది. ఇంట్లో సాయం లేని బాలింతకు ఆ విశ్రాంతికి ఉన్న విలువను రూపాయల్లో కట్టలేం. అయితే ఎండాకాలంలో గంటల తరబడి అదే డైపరు ఉంచితే ఒరుపులు వస్తాయి. డబ్బు మిగుల్చుకోవాలని డైపరును ఎక్కువసేపు ఉంచడం మాత్రం ఏ లెక్కలోనూ పొదుపు కాదు.

లంగోటీకి వద్దాం. పన్నా (గుడ్డ వెడల్పు) 44 అంగుళాలున్న మల్ కాటన్ ఒక మీటరు తీస్తే దాదాపు అరమీటరు చదరం ముక్కలు నాలుగు వస్తాయి. ఆరు మీటర్లకు 24 లంగోటీలు. మీటరు 80 రూపాయలనుకుంటే 480, అంచులు ఓవర్‌లాక్ చేయించడానికి మరికొంత. డైపర్లయితే ఇంతలో పది రోజులు కూడా గడవవు. చదరపు గుడ్డను మూలకు మడిచి మూడు కొంగులుగా కట్టడం అవ్వలకు వచ్చిన విద్యే. అది రాని కొత్త తల్లుల కోసం కట్టుకునే తాళ్లు కుట్టిన లంగోటీలు దుకాణాల్లో దొరుకుతాయి, కానీ వాటిని వయసు పెరిగేకొద్దీ మార్చాలి, చదరపు గుడ్డ అయితే మడత మార్చుకుంటూ నెలల తరబడి వాడవచ్చు. ఏడాది దాటాక అవే గుడ్డలు మూతి తుడవడానికి, ఆ తరువాత ఇల్లు తుడవడానికి దిగుతాయి. గుడ్డ తీసుకోగానే కుట్టనివ్వకుండా ఒకసారి తడిపి ఆరేయాలి, నూలు మొదటి ఉతుకులో కుదించుకుపోతుంది.

బటన్లతో నడుము సర్దుకునే గుడ్డ డైపర్లు ఈ రెంటికీ మధ్యరకం. ఒకటి నాలుగు వందలనుకుంటే ఎనిమిదింటికి 3,200. ఒకే కొలత బటన్లు మార్చుకుంటూ రెండేళ్లు దాటేదాకా వస్తుంది కనుక ఈ పెట్టుబడి నిలుస్తుంది, రెండో బిడ్డకు కూడా పనికివస్తుంది. వాటిలో రెండు చిక్కులున్నాయి. అప్పుడే పుట్టిన బిడ్డ తొడలు సన్నగా ఉంటాయి, పక్కలనుంచి కారుతుంది, అయిదు కిలోలు దాటాకే అవి సరిగా పడతాయి. లోపల పెట్టే మందపాటి పీల్చుడు గుడ్డ వానాకాలంలో ఒక రోజులో ఆరదు. అందువల్ల కానుపుకు ముందు వీటిని పెట్టెగా కొనవద్దనే చెబుతాను. మూడో నెలలో ఒకటి రెండు తెచ్చి చూసి, బిడ్డకు కుదిరితే మిగతావి తీసుకోవచ్చు. ఉతికేటప్పుడు బట్టలు మెత్తబరిచే సుగంధ ద్రవం వేస్తే వాటికి తడి పీల్చే గుణం తగ్గిపోతుంది.

ఇవన్నీ చూశాక నాకు సబబుగా తోచేది ఇది. పగలు ఇంట్లో లంగోటీ, రాత్రి ఒక డైపరు, ప్రయాణాలకూ ఆసుపత్రికీ ఇంకొన్ని, మొత్తం నెలకు నలభై అయిదు. పైన చెప్పిన ధరకే 450 రూపాయలు, ఏడాదికి 5,400. అచ్చంగా డైపర్లతో పోలిస్తే 16,200 మిగులుతుంది. ముసురు పట్టిన వారాల్లో మొహమాటం లేకుండా డైపర్లు పెంచుకోవచ్చు. నెలకు సరిపడా మాత్రమే కొనాలి, ఎందుకంటే డైపరు కొలత బరువును బట్టి మారుతుంది, తక్కువ ధరకు వచ్చిందని చిన్న కొలతలో మూడు పెద్ద పొట్లాలు కొంటే ఆఖరి పొట్లం మిగిలిపోతుంది.

పాతవా, కుట్టించినవా, దుకాణంలోవా, ఆన్‌లైన్‌వా

మొదటి బట్ట పాతదై ఉండాలని పెద్దలు అనడంలో డబ్బు లెక్కకు మించిన తెలివి ఉంది. పదిసార్లు ఉతికిన నూలులో గంజి, రసాయనాల వాసన, అద్దకపు రంగు మిగలవు, మెత్తదనం మాత్రం మిగులుతుంది. వాడిన నూలు పంచె, పాత వెంకటగిరి చీర పొత్తిగుడ్డలకు సాటిలేనివి. చీర అయితే జరీ అంచును మొత్తం కత్తిరించి తీసేయాలి, ఆ పోగు బిడ్డ చర్మాన్ని గీరుతుంది. మేనత్త కూతురివో పిన్నమ్మ కొడుకువో వాడిన జబ్లాలు వస్తే సంతోషంగా పుచ్చుకోవచ్చు. మొదటి మూడు నెలల కొలతకు ఇంతకు మించిన ఎంపిక లేదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ కొలతలో బట్ట అరిగేలోపే బిడ్డ పెరిగిపోతుంది కనుక పాతవి కూడా కొత్తవాటిలాగే ఉంటాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. పెట్టెలో దాచిన పాత బట్టల మధ్య కలరా ఉండలు వేసి ఉంచడం మన ఇళ్లలో మామూలే. ఆ ఉండల్లోని నాఫ్తలీన్ వాసన, జి6పీడీ అనే ఎంజైమ్ లోపంతో పుట్టిన పసిబిడ్డలకు ప్రమాదకరం. ఎర్ర రక్తకణాలు చితికిపోయి కామెర్లు తీవ్రమవుతాయి. ఆ లోపం తమ బిడ్డకు ఉన్నదీ లేనిదీ చాలామంది తల్లిదండ్రులకు ముందుగా తెలియదు. కాబట్టి పెట్టెలోంచి తీసిన బట్టను అలాగే బిడ్డకు చుట్టకుండా, వేడినీళ్లలో ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండలో వేసి, అవసరమైతే మళ్లీ ఉతికి వాడాలి. వాసన పోని బట్టను పక్కన పెట్టేయడమే మేలు. ఇప్పుడు దాచబోయే బిడ్డ బట్టల మధ్య ఎండిన వేపాకు వేయవచ్చు.

కుట్టించడం ఇప్పుడు తగ్గిపోయింది గాని, మీ వీధిలో తెలిసిన దర్జీ ఉంటే జబ్లాలకు అది ఇంకా మంచి బేరమే. ముందు తెరుచుకునేలా, మెడ దగ్గర తాడు లేకుండా, కుట్టు బయటి వైపుకు వచ్చేలా కుట్టమని చెప్పవచ్చు, దుకాణంలో ఈ మూడూ ఒకే జబ్లాలో దొరకడం అరుదు. పుట్టిన బిడ్డకు తల మీదనుంచి తొడిగే బట్టలు కష్టం, మెడ నిలబడేదాకా ముందు తెరుచుకునేవే వాడాలి. ఆరో నెల దాటాక మాత్రం కుట్టించడం దండగ. పాకే బిడ్డకు సాగే బనియన్ గుడ్డ కావాలి, దాన్ని మామూలు కుట్టు మిషను మీద చక్కగా కుట్టలేరు. తమిళనాడులోని తిరుప్పూరు బనియన్ గుడ్డ తయారీకి దేశంలోనే పెద్ద కేంద్రం, మనకు ఎంతో దూరం కాదు కనుక ఆ సరుకు మన అంగళ్లకు తేలికగానే చేరుతుంది.

తిరుపతిలో గాంధీ రోడ్డు, తిలక్ రోడ్డు, చిత్తూరులో బజారు వీధి, చర్చి వీధి చుట్టుపక్కల ఉన్న చిన్న దుకాణాలకు, అద్దాల మేడల్లోని బ్రాండు దుకాణాలకు మధ్య అసలు తేడా ధరలో లేదు. చిన్న దుకాణంలో గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూడవచ్చు, బేరమాడవచ్చు, ఒక్క లంగోటీ కూడా కొనవచ్చు, కానీ తెచ్చినది తిరిగి తీసుకోమంటే నసుగుతారు. బ్రాండు దుకాణంలో కొలత ఒక తీరుగా ఉంటుంది, రసీదు ఉంటే మార్చి ఇస్తారు, అయితే సెట్టుగా కట్టిన అయిదింటిలో మనకు కావలసినవి మూడే. రోజువారీ గుడ్డలకు మొదటిది, ఆరు నెలల తరువాతి చొక్కాలకూ పైజామాలకూ రెండోది అన్న పద్ధతి నడుస్తుంది. ఆన్‌లైన్‌లో కొనడం కొలత ఒకసారి తెలిసిన కంపెనీ బట్టను మళ్లీ తెప్పించుకోవడానికి బాగుంటుంది. కొత్త కంపెనీదాన్ని బొమ్మ చూసి తెప్పిస్తే నూలు శాతం ఎంతో చీటీ చూసేదాకా తెలియదు, బాలింత ఉన్న ఇంట్లో తిరిగి పంపే తిరకాసు ఎవరు పడతారు?

ఎక్కడ కొన్నా బట్టను ఒకసారి తిరగేసి చూడాలి. సాక్సుల లోపల, చేతి తొడుగుల లోపల వదులుగా వేలాడే దారపు పోగులు ఉంటే అవి బిడ్డ వేలికి చుట్టుకుని రక్తం ఆడకుండా చేస్తాయి. మెడ వెనుక గట్టిగా కుట్టిన చీటీని కత్తిరించేయాలి. చమ్కీలు, ముత్యాలు, పట్టుకుంటే ఊడొచ్చే బటన్లు ఉన్న బట్టను, అన్నీ నోట్లో పెట్టుకునే వయసులో, అసలు కొనకూడదు.

కానుకల వల్ల ఖాళీ అయ్యే పద్దు

పురుడు నాటికీ, బారసాలకూ వచ్చే బంధువులు తెచ్చే బట్టల్లో ఎక్కువ భాగం చిన్న కొలత ఆడంబరాలే. ఇది ముందే తెలిసిన సంగతి కాబట్టి, మొదటి ఆరు నెలలకు అలాంటి బట్టల పద్దు కింద సున్నా రాసుకోవచ్చు. ఏం తెమ్మంటారని దగ్గరివాళ్లు అడిగితే మొహమాటపడకుండా, "ఏడాది బిడ్డ కొలతలో తీసుకోండి వదినా, తొందరగా పెరిగిపోతున్నాడు" అని చెప్పడంలో తప్పు లేదు. ఒకే కొలతలో ఎక్కువ వచ్చినప్పుడు చీటీలు చించకుండా ఉంచి, రసీదు ఇచ్చే దుకాణానివైతే పెద్ద కొలతకు మార్చుకోవాలి.

అన్నప్రాశనకూ, పుట్టువెంట్రుకలకూ, మొదటి పుట్టినరోజుకూ బట్ట మనమే తీస్తాం. వీటిలో అన్నప్రాశన బట్ట మీద పాయసం పడుతుంది, దాన్ని ఉతకగలిగే నూలులోనే తీసుకోవాలి. పుట్టువెంట్రుకలు తిరుమలలో తీయిస్తే, కల్యాణకట్ట దగ్గరే బిడ్డకు స్నానం చేయించి బట్ట మారుస్తాం. అక్కడ కావలసింది తొందరగా తొడిగే రెండు జతలూ, గుండు మీదికి ఒక మెత్తని టోపీ, పొడి తువ్వాలు మాత్రమే. పట్టు పావడా ముచ్చట ఉంటే లోపల నూలు లైనింగు వేయించి, నడుము దగ్గరా కింది అంచు దగ్గరా గుడ్డ మడిచి కుట్టిస్తే, విప్పుకుంటూ రెండో ఏడు కూడా కట్టవచ్చు. పుట్టినరోజు గౌనుకు మాత్రం పదకొండో నెల నిండాకే వెళ్లాలి, అంతకు ముందు ఏ కొలత తెచ్చినా ఊహే అవుతుంది. నడవని బిడ్డకు బూట్లు అక్కర్లేదు.

మొత్తం సొమ్మును పంచే తీరు

డైపర్లు కాక, బట్టలకు ఏడాదికి 12,000 రూపాయలు పెట్టగల ఇంటిని ఉదాహరణగా తీసుకుందాం. కానుపుకు ముందు 3,000: ఇందులోనే లంగోటీలు, ఆరు పొత్తిగుడ్డలు, ఎనిమిది జబ్లాలు, పక్కగుడ్డలు, రెండు రబ్బరు షీట్లు, ఆసుపత్రి సంచిలోకి విడిగా కట్టిన రెండు మెత్తని శుభ్రమైన తువ్వాళ్లు రావాలి, వస్తాయి కూడా. మూడు నుంచి ఆరు నెలలకు 2,000. ఆరు నుంచి ఏడాది దాకా 4,000, ఎందుకంటే పాకే బిడ్డ రోజుకు మూడు జతలు మాపుతుంది, మోకాళ్లు చిరుగుతాయి, అన్నం మరకలు పోవు. వేడుకలకు 1,500. మిగిలిన 1,500 ఏ పద్దుకూ చెందకుండా ఉంచాలి. బిడ్డ తక్కువ బరువుతో పుట్టినా, కవలలైనా, వాన వదలకపోయినా ఆదుకునేది అదే. సగం సొమ్మే ఉన్న ఇంట్లో వేడుకల పద్దును, మూడు నుంచి ఆరు నెలల పద్దును కోయాలి గాని లంగోటీల సంఖ్యను తగ్గించకూడదు.

ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హులైన తల్లికి మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, రెండో కాన్పులో ఆడబిడ్డ పుడితే 6,000 వస్తాయి. మొదటి కాన్పు సొమ్ములో రెండో విడత అయిన 2,000 బిడ్డ పుట్టుకను నమోదు చేయించి, మొదటి వరుస టీకాలు పూర్తయ్యాకే అందుతుంది, కాబట్టి కానుపుకు ముందు ఖర్చుకు దాన్ని లెక్కలోకి తీసుకోరాదు. పైగా అది తల్లి తిండికోసం, పోయిన కూలికోసం ఉద్దేశించిన డబ్బు, గౌనుల మీదికి మళ్లించడం నాకు నచ్చదు. ప్రభుత్వాసుపత్రిలో కానుపు అయ్యేవారు బేబీ కిట్టు సంగతి అక్కడి నర్సును ముందే అడిగి ఉంచుకుంటే, అందులో వచ్చే వస్తువులను మళ్లీ కొనే పని తప్పుతుంది. పన్ను విషయానికొస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలకు మించని బట్టకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. బిడ్డల డైపర్ల మీద పన్ను కూడా 12 నుంచి 5 శాతానికి దిగింది. పుట్టినరోజు గౌను ధర 2,500 దాటిందంటే పన్నే పెద్ద మొత్తమవుతుందని గుర్తుంచుకోవాలి.

తల్లి బట్టలను ఈ లెక్కలో కలపవద్దు గాని మరిచిపోవద్దు. గర్భిణుల కోసమని పేరు పెట్టి ఎక్కువ ధరకు అమ్మే గౌనులకంటే, ముందు జిప్పు ఉన్న వదులైన నూలు నైటీలు నాలుగు ఏడో నెలలో తీసుకుంటే, అవే పాలిచ్చే నెలలన్నిటికీ వస్తాయి.

ఏడాది నిండాక బీరువా ఖాళీ చేసేటప్పుడు, అడిగి తెచ్చుకున్నవాటిని ఉతికి ఇచ్చేయాలి. మనవాటిలో బాగా నిలిచేవి మల్ కాటన్ గుడ్డలు, గుడ్డ డైపర్లు, పట్టు పావడా. రబ్బరు పట్టీ ఉన్న పైజామాలు రెండేళ్లు దాస్తే పట్టీ సాగి ఊడిపోతుంది, వాటిని పెట్టెలో పెట్టకుండా అవసరమున్న ఇంటికి అప్పుడే ఇచ్చేయవచ్చు.